రొట్టె పంచని సమాధి

నావికుడి సమాధి రాతికి ఆయన పతకాన్ని ఆనించి నోరిస్ ఫొటో తీసుకున్నాడు. ఇంగ్లండ్ నుంచి మా అలెగ్జాండ్రియాకి ఇందుకే వచ్చాడు. ఈ శ్మశానం తోటమాలి బస్యూనీని నేనే కనక, ఆచారం ప్రకారం చేయి చాపాను.

"రొట్టెలేవి సారూ? సమాధి దగ్గరికొస్తే పోయినవాళ్ళ పేరిట నలుగురికీ పంచాలి. ఉత్త చేతుల్తో వచ్చారేం?"

"నేను బంధువుని కాను, బస్యూనీ. పాత పతకాలు పోగుచేస్తుంటాను. దీన్ని ఆయన కూతురి దగ్గర కొన్నాను."

"ఆమెను కూడా తీసుకురావలసింది."

"వాళ్ళ నాన్న సముద్రంలో కలిసిపోయాడనే అనుకుంటోంది. సమాధి ఉందని తెలీదు."

"పోన్లెండి, ఇప్పుడు వెళ్ళి చెబుతారుగా. ఎంత సంతోషిస్తుందో!"

నోరిస్ పతకాన్ని రుమాల్లో చుట్టాడు.

"సమాధి ఇక్కడుందని కొనకముందే నాకు తెలుసు," అన్నాడు. "చెబితే అమ్మేది కాదు."

రొట్టె కోసం చాపిన చేయి వెనక్కి తీసుకున్నాను.