కుర్రు మీద ఒక్క రాత్రి

తమ పొలంలో కూలికొచ్చేవాళ్ల అబ్బాయి మహేశ్‌నే పెళ్లి చేసుకుంటానని చెప్పిన నాటి నుంచి తండ్రి వర్షితతో మాట్లాడడం మానేశాడు. ఈ ఉదయం తనే పిలిచాడు.

“గోదావరి నడుమ ఇసుక కుర్రు మీదికి జీపుల పోదాం బిడ్డా. టెంటు ఏసుకొని ఒక్క రాత్రి ఉందాం.”

ఆమె కళ్లు తడిశాయి. గోదావరి ఒడ్డునున్న ఇబ్రహీంపట్నం దగ్గర నీళ్లు తక్కువని, అక్కడ జీపు దాటుతుందని ఇద్దరూ కలిసి దారి అనుకున్నారు. స్టవ్వు, దుప్పట్లు, టైర్లు ఇసుకలో దిగబడితే తవ్వడానికి పార సర్దుకున్నారు.

“ఫోన్ ఇంట్లనే పెట్టు. ఆడ సిగ్నల్ రాదు.”

పెట్టి వచ్చి, ధైర్యం చేసి అడిగింది.

“నాన్నా, మహేశ్‌ను గూడ రమ్మందామా?”

తండ్రి టెంటు మూట బిగిస్తూనే అన్నాడు.

“మహేశ్ నిన్ననే పోయిండు.”

“కుర్రు మీదికా?”

ఆయన జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

గడపలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.