జీలుగువాగు స్తంభం

ఆ కాలానికి ప్రతి వాగు గట్టునా నీళ్ల మంచిచెడులు చెప్పే స్తంభం వెలిసింది. నీళ్లలో కాలు పెడితే చాలు, పలికేది. జీలుగువాగు స్తంభానికి సులోచన టీచర్ భర్త యాదగిరి తన గొంతు ఇచ్చాడు. పోయిన చలికాలం ఆయన కన్నుమూశాడు. టీచర్ రోజూ బడికి వెళుతూ ఆ వాగులో కాలు తడుపుకునేది.

"నీళ్లు మంచిగున్నయ్. దిగుండ్రి," అంది స్తంభం, ఎనిమిదో తరగతి పిల్లలు నీటి పురుగుల లెక్క తీయడానికి వలలతో దిగగానే.

పిల్లలు గంటసేపు రాళ్లు తిరగేశారు.

"ఒక్క పురుగు గూడ లేదు టీచర్," అంది రజిత. "మంచి నీళ్లల్ల పురుగులుంటయని మీరే చెప్పిన్రు గదా."

"అయితే స్తంభంల సారు అబద్ధం చెప్తున్నడా?" అన్నాడు శ్రీకర్. రజిత అతన్ని మోచేత్తో పొడిచింది.

టీచర్ తనే ఒక రాయి ఎత్తి చూసింది. అడుగున నల్లటి జిగురు తప్ప ఏమీ లేదు. ఊరంతా ఆ గొంతును నమ్మి ఈ నీళ్లే తాగుతోంది. పిల్లల నివేదిక పై అధికారులకు వెళితే ఈ స్తంభాన్ని పీకేసి, వేరే గొంతుతో కొత్తది పాతుతారు.

"ఏం రాయమంటరు టీచర్?"

"మీరు చూసిందే రాయండి."

రజిత రాసిన కాగితం కింద టీచర్ సంతకం పెట్టింది. పిల్లలంతా గట్టెక్కి వెళ్లేదాకా ఆగి, చెప్పులు విడిచి మళ్లీ నీళ్లలో కాలు పెట్టింది.

"నీళ్లు మంచిగున్నయ్. దిగుండ్రి," అన్నాడు యాదగిరి.