కంచె వెంట గుంటలు

"టీలో నాలుగు నిమ్మగడ్డి పోచలు వెయ్యడానికీ బద్ధకమేనా?" అని అత్తగారు కప్పు పక్కకు నెట్టారు.

"కొయ్యబోతే మీ అబ్బాయే వద్దన్నారు, అత్తయ్యా. మంచులో తడుస్తానట. ఎన్నడూ లేని ప్రేమ."

పక్కనే టీ తాగుతున్న భర్త తలెత్తలేదు. కోడలు కత్తి తీసుకుని గుర్రం మేసే దొడ్డికి వెళ్లింది. ఈగలు రాకుండా కంచె పొడవునా తను నాటిన నిమ్మగడ్డి దుబ్బులు వేళ్లతో సహా లేవు. అన్నీ గుంటలే. గుర్రప్పిల్లగా ఉన్నప్పటి నుంచి తను పాలు పట్టి పెంచిన గుర్రం ఈగలకు తల విదిలిస్తోంది.

"దొంగలు పడ్డారా?" అని వెనకే వచ్చిన భర్తను అడిగింది.

"గుర్రాన్ని పక్క ఊరి ఆసామికి అమ్మేశాను. ఈగలుంటే ఇది మేత ముట్టదుగా, అందుకే కొన్నాయన మొక్కలు ముందు పట్టుకెళ్లాడు. రేపు దీన్ని తోలుకెళ్తాడు."

"నాకో మాట చెప్పలేదేం?"

"చెబితే ఒప్పుకుంటావా?"

పొద్దున బయటికెళ్లి వచ్చిన కోడలు మధ్యాహ్నం అందరికీ వడ్డించి తనూ కూర్చుంది.

"రేపు గుర్రంతో నేనూ వెళ్తున్నాను. ఆ మొక్కలు బతికించే మనిషి కావాలట. పని, ఉండటానికి గది ఇస్తానన్నాడు కొన్నాయన."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎప్పుడు మాట్లాడావు? నాకు చెప్పనే లేదు."

"చెబితే ఒప్పుకుంటారా?" అని మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపింది.