సగం ధరకే రాజభోగం

"నీళ్ళు కాస్త వేడిగా ఉన్నాయమ్మా," అంది టీచరమ్మ, బేసిన్ అంచు మీద తల వాల్చి, కళ్ళు మూసుకునే.

నిజానికి నీళ్ళు సరిగ్గానే ఉన్నాయి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తల రుద్దుతున్న అమ్మాయి కుళాయి తిప్పింది. నిమిషం పోయాక ఆవిడ ఈసారి మరీ చల్లగా ఉన్నాయంది. అమ్మాయి మళ్ళీ తిప్పింది. విసుగు లేదు, నిట్టూర్పు లేదు. ఓర్పుకి పదికి పది అని మనసులోనే వేసుకుంది టీచరమ్మ.

ముప్పై నాలుగేళ్ళు బడిలో ప్రశ్నపత్రాలు తయారు చేసిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక పరీక్ష పెట్టడానికి ఎవరూ దొరక్క చెయ్యి దురద పెడుతున్న రోజుల్లో, ఫలానా పార్లర్‌లో పనిచేసే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడు కొడుకు. ఉన్నది ఒక్కగానొక్కడు. పిల్ల ఎలాంటిదో చూడకుండా ఊ కొట్టే రకం కాదావిడ. ఇంటికి తీసుకొస్తానంటే ఇప్పుడే వద్దంది. ఇంటికొచ్చిన రోజున ఎవరైనా బుద్ధిమంతుల్లాగే ఉంటారు. పైగా ఆ అమ్మాయి ఇంకా ఔననలేదట, వారం గడువడిగిందట. అది విని టీచరమ్మకి నవ్వొచ్చింది. చెప్పాల్సింది మనం కదరా, ఆ పిల్ల చెప్పేదేముంది అంది.

ఆ మర్నాడే తలుపు సందులో ఓ కూపన్ కనిపించింది. అదే పార్లర్. హెయిర్ కట్, హెడ్ మసాజ్, పెడిక్యూర్, మొత్తం రెండు గంటల రాజభోగం సగం ధరకే, శుక్రవారం ఉదయం మాత్రమే. అదృష్టమంటే ఇదీ అనుకుంది. ఊరికే వెళ్తే అనుమానం రావచ్చు గానీ, కూపన్ పట్టుకెళ్ళిన మనిషిని కక్కుర్తి మనిషనుకుంటారు తప్ప ఇంకేమీ అనుకోరు. కొడుక్కి కూడా చెప్పకుండా బయల్దేరింది.

కౌంటర్ దగ్గర యజమానురాలు కూపన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి ఏదో అనబోయింది. ఈలోగా కొడుకు ఫొటోలో చూపించిన ఆ అమ్మాయే చకచకా వచ్చి, నా కుర్చీకేనండీ అంటూ దాన్ని అందుకుని ఏప్రన్ జేబులో పెట్టేసుకుంది. చురుకుదనానికి తొమ్మిది. పక్క కుర్చీలో ఒకావిడ ఇవే సేవలకి పూర్తి ధర ఇచ్చుకుంటోంది. తలుపు సందులు చూసుకోని వాళ్ళ ఖర్మ అనుకుంది టీచరమ్మ.

తల కడగడం అయ్యాక జుట్టు రెండంగుళాలు తియ్యమని, కత్తెర ఆడుతుండగా ఒక్కటి చాలంది. అమ్మాయి అక్కణ్ణించే సర్దింది. తర్వాత గొంతు తగ్గించి, ఇందాక ఈ కుర్చీలోంచి లేచి వెళ్ళినావిడకి నోరెక్కువలా ఉందే అని కూపీ లాగింది.

"ఆవిడ మాటలు ఈ కుర్చీలోనే ఉండిపోతాయండీ. మీవి కూడా," అంది అమ్మాయి.

మసాజ్ మొదలయ్యాక అమ్మాయే మాటలు కలిపింది. ఇంట్లో ఎవరెవరుంటారని, పొద్దున్నే ముందు లేచేదెవరని, సాయంత్రాలు ఎలా గడుస్తాయని. పార్లర్‌లో కబుర్లు మామూలే. వేళ్ళు నుదుటి మీద తిరుగుతుంటే టీచరమ్మకి ఏదీ దాచుకోవాలనిపించలేదు.

"మాకు ఆదివారాలే పని ఎక్కువండీ. రేపు పెళ్ళయితే అత్తగారు ఏమంటారో ఏమో," అంది అమ్మాయి.

"ఏమంటుంది? మా ఇంట్లో ఆదివారం వంట మావాడిదే. నేనే నేర్పాను. చేతిలో పనున్న పిల్లని ఇంట్లో కూర్చోబెట్టాలనుకుంటే ఆవిడతో పేచీ పెట్టుకో."

"మరి మాటా మాటా వస్తే?"

"రాకుండా ఎందుకుంటుంది? భోజనాల వేళకి మరిచిపోవాలి. నేనైతే మరిచిపోలేను గానీ, మరిచిపోయినట్టు నటిస్తాను."

అమ్మాయి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఫక్కున నవ్వింది.

పాదాలు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టించి టీ తెచ్చింది. ఇంతసేపూ ఒక్క చుక్క చిందించని ఆ చేతుల్లో కప్పు వంగి, చల్లారిన టీ కాస్తా టీచరమ్మ ఒళ్ళో పడింది. అమ్మాయి తువ్వాలు కోసం పరిగెత్తలేదు. ఆవిడ ముఖంలోకే చూస్తూ నిలబడిపోయింది. పాపం, బెదిరిపోయింది అనుకుంది టీచరమ్మ.

యజమానురాలు గొంతు పెంచేలోగా ఆవిడే అడ్డుపడింది. "నా మోచెయ్యే తగిలిందండీ. పిల్లనేమీ అనకండి."

ఒక్క మార్కు మాత్రం కోసేసింది. న్యాయం న్యాయమే.

చివరికి అద్దంలో చూసుకుంటే పదేళ్ళు తగ్గినట్టుంది. ఇక దాచలేక అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"నేనెవరో తెలుసా? నిన్ను చేసుకుంటానంటున్న వాడి తల్లిని. చెప్పకుండా వచ్చినందుకు ఏమీ అనుకోకు. చూడాలనిపించింది, చూశాను. నువ్వు నాకు నచ్చావు తల్లీ."

అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, అయ్యో మీరా అత్తయ్యా అంటూ దువ్వెన జారవిడిచింది. టీచరమ్మ నవ్వింది. ముప్పై నాలుగేళ్ళ అనుభవం మరి, ఈ పిల్ల పసిగట్టగలదా అని లోలోపల మురిసిపోయింది. గుమ్మం దాటి, కొత్త జుట్టు ఒకసారి విదిలించుకుని హుందాగా నడిచి వెళ్ళింది.

అమ్మాయి నేల మీది వెంట్రుకలు ఊడ్చి, ఫోన్ తీసి, వారం గడువు ఇక అక్కర్లేదు, నాకిష్టమే అని టీచరమ్మ కొడుక్కి చెప్పింది.

పక్క కుర్చీలోని ఆవిడ ఇదంతా వింటూనే ఉంది. ఆ సగం ధర కూపన్ తనకీ ఒకటి ఇప్పించమని అడిగింది.

అయిపోయాయండీ అంటూ అమ్మాయి ఏప్రన్ జేబులోంచి కూపన్ తీసి ముక్కలు చేసింది.

తను అచ్చు వేయించింది ఆ ఒక్కటే.