కొట్లో అనకూడని మాట

సాయంత్రం ఆరులోగా వీడియో పంపకపోతే కాలేజీ నాటకంలో రష్మితకు వేషం దక్కదు. హాస్టల్లో గోలగా ఉందని ఖరిదా బజార్లోని నా బట్టల కొట్టుకు వచ్చి, తెల్లగుడ్డ ముందు నిలబడింది.

"రైలు ప్రమాదంలో బతికినవాళ్ల లిస్టులో నాన్న పేరు ఉందా?" అని తను అడగాలి. రైల్వే గుమాస్తాగా నేను "లేదు" అనాలి. తను ఏడవాలి.

"ఉందా అండీ?"

"రేపొస్తాదమ్మా!" అనేశాను.

రష్మిత పగలబడి నవ్వింది. "ఆంటీ, లేదు అనండి!"

"కొట్లో ఆ మాటంటే లచ్చిందేవి ఎల్లిపోద్దే! ముప్పయ్యేళ్లలో ఒక్కసారీ అన్నేదు."

ఆరుసార్లు తీశాం. ఆరుసార్లూ "రేపొస్తాది" అనే వచ్చింది. ఇంక పది నిమిషాలే ఉంది.

ఏడోసారి రష్మిత "ఉందా?" అంటుండగా సత్యవాణి వదిన గుమ్మంలోకి వచ్చి, చీర అంచు చూపిస్తూ ఫాల్ ఉందా అని సైగ చేసింది. నేను కళ్లు గట్టిగా మూసుకుని అరిచాను.

"లేదు!"

రష్మిత కళ్లల్లోంచి నీళ్లు జలజలా కారాయి. వీడియో అద్భుతంగా వచ్చింది.

"బీరువా నిండా ఫాల్సెట్టుకుని నాకు నేదంటావేటి!" వదిన విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు రష్మిత సందేశ్ మిఠాయి డబ్బాతో పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, వేషం నాకే!"

వదిన ఇంకా మాట్లాడటం లేదు. ఆ పిల్లకి మాత్రం నా "లేదు"తోనే బోణీ అయింది.