అగ్గిపెట్టెంత ఆట

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఉద్యోగం కోల్డ్ స్టోరేజీలో, రాత్రంతా గదుల ఉష్ణోగ్రతలు రాయడం. నిద్ర ఆపుకోవడానికి అగ్గిపెట్టెంత గేమ్ కన్సోల్ ఒకటి చవగ్గా కొన్నాను.

"డిగ్రీ చదివి బొమ్మలు కొంటావురా? రేపటితో వాపసు గడువైపోతుంది, ఇచ్చెయ్," అంది అక్క ఫోన్లో. తను నర్సు, తనదీ నైట్ డ్యూటీయే.

"ఒక్కసారి గెలవనీ అక్కా!"

ఆరు రాత్రులుగా ఆ గెలుపే దక్కడం లేదు. నేనెంత స్కోరు కొట్టినా, గదులన్నీ చూసి వచ్చేసరికి తెర మీద అంతకంటే సరిగ్గా ఒక్క పాయింటు ఎక్కువ ఉంటోంది. కన్సోల్ సొరుగులోనే ఉంటుంది. తాళంచెవి నా మెడలో ఉంటుంది. భవనంలో నేను తప్ప ఎవరూ ఉండరు.

ఈ రాత్రి వేళ్లు కొంకర్లు పోయేదాకా ఆడాను. 9999. తెర మీద ఐదో అంకెకు చోటే లేదు. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, గెలిచాను! దీన్నిక ఎవరూ దాటలేరు!"

"సరేలే మొనగాడా, ఉంచుకో," అని నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "పక్కన ఎవర్రా, చప్పట్లు కొడుతున్నారు?"

అప్పుడు నాకూ వినబడింది. తాళం వేసిన మూడో గదిలోంచి, నెమ్మదిగా, ఒకే జత చేతులు.

పట్టా అందుకున్న రోజు మావాళ్లెవరూ రాలేకపోయారు. నాకెవరూ చప్పట్లు కొట్టలేదు. కన్సోల్‌ను ఆ తలుపు వైపు ఎత్తి చూపించాను.

చప్పట్లు జోరందుకున్నాయి.