ఎవరూ నొక్కని బటన్

“ఈసారి ఒక్క ఫోటో బయటికి పొక్కిందా, రేపట్నుంచి నీ మొహం ఈ గుమ్మంలో కనబడకూడదు హుస్సా!”

ఫంక్షన్ హాలు యజమాని అబూ రాకాన్ తలుపు అవతలి నుంచే అరిచాడు. ఆడవాళ్ళ వైపు పొరపాటున కూడా తొంగిచూడడు. అంత పెద్దమనిషి.

సౌదీలోని హుఫూఫ్‌లో ఆడవాళ్ళ పెళ్ళి విందంటే ముందు ఫోను సంచీలో వేయాలి, ఆ తర్వాతే గహ్వా కాఫీ. ఆ సంచీ పట్టుకుని గుమ్మంలో కూర్చునేది హుస్సాయే. ఇన్నేళ్ళలో ఒక్క మాట పడలేదు. పోయిన నెలలో మాత్రం ఖర్మ కాలింది. ఇదే హాల్లో పెళ్ళాడిన పిల్ల ఫోటో ఒకటి మగవాళ్ళ ఫోన్లలో తిరిగింది. ముసుగు లేకుండా, మెడా వీపూ కనబడుతూ! ఆ పెళ్ళి వారం తిరక్కుండానే పెటాకులైంది. హుస్సా కక్కుర్తిపడి ఎవరి ఫోనో లోపలికి వదిలిందని ఊరంతా కోడై కూసింది.

అప్పట్నుంచి ఆమె చేతిసంచులే కాదు, జడలూ, చంటిపిల్లల లాగులూ కూడా తడుముతోంది. తడిమినప్పుడల్లా తన చేతులంటే తనకే రోత.

ఈ పెళ్ళికూతురు లూల్వా పసిదానిలా ఉంది. అతిథులింకా రాలేదు. హుస్సా ధూపం కుంపటి పట్టుకుని ఆమె గదిలోకి వెళ్ళేసరికి, ఫొటోగ్రాఫర్ జౌహరా కెమెరాని స్టాండు మీద పెట్టి, తనేమో గదికి ఈ చివర నిలబడి ఉంది.

“అదేంటే, అది అక్కడా నువ్విక్కడా? నీ చెయ్యి అంత సాగుతుందా?”

జౌహరా నవ్వింది. “ఇందులోది వైర్‌లెస్ మెమరీ కార్డు ఖాలా. ఈ ట్యాబ్‌లో నొక్కితే అక్కడ క్లిక్కుమంటుంది. ఫోటో వెంటనే ఇక్కడికొచ్చి పడుతుంది. మా సొంత కార్డులు తేకూడదుగా, హాలువాళ్ళే ఇచ్చారు. విందయ్యాక పిల్ల చేతిలో పెట్టి వెళ్ళిపోతా.”

“అదీ పద్ధతి!” అంది హుస్సా. కార్డు పెళ్ళికూతురి గుప్పిట్లో ఉంటే పరువు కూడా అక్కడే ఉన్నట్టు. ఆ ఊళ్ళో అందరి ధీమా అదే.

జౌహరా ట్యాబ్ సోఫాలో పడేసి, లూల్వా గౌను జిప్పు సవరించడానికి వంగింది.

టక్.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

“ఎవరు నొక్కారు?” అంది లూల్వా.

ఎవరూ నొక్కలేదు. జౌహరా రెండు చేతులూ జిప్పు మీదే ఉన్నాయి.

టక్.

జౌహరా ఒక్క అంగలో ట్యాబ్ అందుకుంది. ఆమె మొహం పాలిపోయింది. “ఇంకెవరిదో ఫోను ఈ కార్డుతో కలిసుంది. ఎక్కడో కూర్చుని వాడు నొక్కుతున్నాడు. చూస్తున్నాడు.”

ఛీ! ఇది మనిషి జన్మేనా? పెళ్ళిపిల్ల వీపు మీద పాకుతున్న ఆ చూపు హుస్సాకి తన ఒంటి మీదే పాకినట్టయింది. లూల్వా గబగబా అబాయా కప్పుకుని వలవలా ఏడ్చింది. “ఖాలా, ఆయన చూస్తే నన్నింక ఏలుకుంటాడా?”

“బయట గోడ దగ్గర పెళ్ళికొడుకు వైపు వెధవలు ఫోన్లు పట్టుకుని ఇకిలిస్తున్నారు. వాళ్ళే! ఇప్పుడే అబూ రాకాన్‌కి చెప్తా. చెప్పుతో కొడతాడు” అంది హుస్సా.

“ఎవరికీ చెప్పొద్దు.” జౌహరా గడియ వేసింది.

“అయితే ఆ దిక్కుమాలిన కార్డు పీకి పారెయ్యవే!”

“పీకితే వాడెవడో ఎప్పటికీ తెలీదు.”

జౌహరా లూల్వా చెవిలో ఏదో గొణిగి, కళ్ళు తుడిచింది. ధూపం కుంపటి తెచ్చి గౌను అంచు దగ్గర పెట్టింది.

“నిప్పులు చల్లారిపోయాయే. మళ్ళీ రాజేసి తెస్తానుండు” అంది హుస్సా.

“అలాగే ఉండనీ.”

లూల్వా లేచి నిలబడింది. తూలింది. కుంపటి పక్కనే దభీమని పడిపోయింది. గౌను అంచు కుంపటిని కప్పేసింది.

“యా అల్లాహ్! పిల్లా! లూల్వా!” హుస్సా చెంపలు తట్టింది. పలుకు లేదు. ఎవరినైనా పిలుద్దామని తలుపు దగ్గరికి ఉరికింది. జౌహరా అడ్డం నిలబడింది.

టక్.

“ఓసి రాక్షసీ! పిల్ల ప్రాణం మీదికొస్తే ఇంకా ఫోటోలేనా? నీ బతుకు చెడ!”

జౌహరా ఖాళీ చేతులు రెండూ ఎత్తి చూపించింది.

అంతలోనే తలుపు దబదబా మోగింది. అవతల అబూ రాకాన్, రొప్పుతూ. “హుస్సా! తలుపు తియ్యి! ముందా కుంపటి ఇవతలికి లాగు, గౌను అంటుకుంటే హాలంతా తగలబడిపోతుంది! పిల్ల కళ్ళు తెరిచిందా?”

హుస్సాకి ప్రాణం లేచొచ్చింది. “వచ్చాడమ్మా, దేవుడు పంపినట్టు వచ్చాడు!” అంటూ గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి చూసింది. లూల్వా తివాచీ మీద లేచి కూర్చుని, రెండు కళ్ళూ విప్పార్చుకుని ఆ తలుపు వైపే చూస్తోంది.

ఆమె పడి, గౌను కుంపటిని కప్పిందని ఆ గదిలో ఉన్న ముగ్గురికీ, స్టాండు మీది కెమెరాకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.